కోట మీది చర్చిలో అక్క బూట్లు

ప్రాగ్ నగరంలో మేము ఉన్నది రెండు రోజులే. ఆ రెండు రోజులూ ఎండ కాసింది, తినే తిండి కడుపుకు పడింది, అక్క తన కాళ్ళతో తాను నడిచింది. అంతకంటే ఏం అడుగుతాను దేవుణ్ణి!

అక్క నస్పూర్‌లో ఉంటుంది, నేను చెన్నూరులో. అక్క బిడ్డ జర్మనీలో నర్సు. తల్లిని కొన్నాళ్ళు తన దగ్గరికి పిలిపించుకుంది. తోడుగా నేనూ వెళ్ళాను. సెలవు దొరకగానే మా ఇద్దర్నీ రైలెక్కించి ప్రాగ్ తీసుకుపోయింది.

తోడు ఎందుకంటే, అక్కకు షుగరు. కిందటేడు కాలి బొటనవేలికి పుండు పడి, వేలు తీసెయ్యక తప్పదన్నారు డాక్టర్లు. ఎలాగో తీయకుండానే మానింది. మా మందిరంలో, అంటే మా చర్చిలో, లేచి నిలబడి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పింది గానీ, అక్కకు అది చాలలేదు. బిడ్డ ఫోనులో ప్రాగ్ కోట మీది చర్చి ఫోటో చూసినప్పటి నుంచీ ఒకటే మాట: అందులో కూర్చుని ఒక్కసారి దేవునికి కృతజ్ఞత చెప్పుకోవాలి. బిడ్డదీ ఒకటే మాట: వట్టి కాళ్ళతో ఎక్కడా అడుగు పెట్టొద్దు, ఇంట్లోనైనా సరే. మందపాటి అడుగున్న బూట్లు కొనిచ్చి, వాటి లేసులు తనే కట్టేది.

మొదటి రోజు నది మీది పాత వంతెన దాటాం. రెండు వైపులా రాతి బొమ్మలు. అక్క బొమ్మల్ని వదిలేసి కిందికి చూసింది. "నీళ్ళు మంచిగున్నయ్ గని, ఇసుక లేదు" అంది. గోదారి ఒడ్డున పెరిగినవాళ్ళకు ఇసుక లేని నది సగం నదే.

తర్వాత పాత గడియారం. గంట కొట్టే వేళకు జనమంతా ఫోన్లు ఎత్తి నిలబడ్డారు. పైన చిన్న కిటికీలు తెరుచుకుని, ఏసు శిష్యుల బొమ్మలు వరుసగా కనబడి వెళ్ళిపోయాయి.

"గంతేనా?" అంది అక్క. "మెడలు గుంజంగ నిలవెడితివి."

"శిష్యులు కనవడ్డరా లేదా అవ్వా?" అని తల్లిని అడిగింది బిడ్డ.

"ఉరికిండ్రు బిడ్డా. ఎవల్ని గుర్తువట్టుడు?"

మరునాడు పొద్దున ట్రాములో కొండెక్కి, దిగి కాస్త నడిచి చర్చి ముందుకు చేరాం. తల ఎత్తితే శిఖరం కొస కనబడదు. నేను ఇంకా పైకే చూస్తున్నాను, అక్క గోడ పక్క అరుగు మీద కూర్చుని లేసులు విప్పుతోంది.

"ఏం జేస్తున్నవ్ అవ్వా?"

"మందిరంలకు బూట్లతోని వోతమా?"

"గీడ ఎవ్వలు ఇడుస్తలేరు. అందరు గట్లనే పోతున్నరు, సూడు."

"వాళ్ళ లెక్క వాళ్ళది."

"లోపటంత సల్లటి బండలు. ఏమన్న గుచ్చుకున్నా నీ కాలుకు ఎరుక గాదు. కాళ్ళు తీసేసినోళ్ళకు నేను రోజు పట్టీలు కడుతున్న. నిన్ను ఇడువనియ్య."

"అయితే మీరు పోయి సూసి రాండ్రి. నేను గీడ్నే కూసుంట."

మా దగ్గర చర్చి గుమ్మం బయట చెప్పులన్నీ కుప్పగా ఉంటాయి. లోపల జంపఖానాల మీద, కొంగు తలమీద కప్పుకుని కూర్చుంటాం. నేను బడికి పోలేదు. మా నాన్నను బాపు అంటాం, ఆయనే ఇంట్లో అక్షరాలు నేర్పి బైబిలు చదివించాడు. ఇంట్లో కూడా, చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కున్నాకే పుస్తకం ముట్టనిచ్చేవాడు. అందుకే అక్క మాట నాకు తప్పనిపించలేదు. బిడ్డ మాటా తప్పు కాదు.

"జర మనసు మార్చుకో అక్కా. గింత దూరం వచ్చినం" అన్నాను.

"గింత దూరం వచ్చింది దేవునికి బూట్లు సూపెట్టనీకి గాదు."

"వేలు మిగిలిందని చెప్పనీకి వచ్చి, వేలు పోగొట్టుకుంటవా?" అంది బిడ్డ.

అక్క లేసు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. బిడ్డ కాసేపు అటూ ఇటూ చూసి, తల్లి పక్కనే కూలబడి తన బూట్లు విప్పడం మొదలుపెట్టింది.

"నీ బదులు నేను ఇడుస్త. నాకు షుగర్ లేదు."

"సర్ది వడ్తది."

"గోలీ ఏసుకుంట."

అక్క నా వైపు తిరిగింది. కలిసినప్పుడల్లా బైబిలు వాక్యం చదివి చెప్పేది నేనే కదా. "ఒకల బదులు ఇంకొకలు ఇడిస్తే చెల్లుతదా చెల్లే?"

ఏ వచనమూ చప్పున గుర్తు రాలేదు. నోటికొచ్చింది అన్నాను: "చెల్లకపోతే మనం ఎట్ల బతికినం అక్కా? ఒక్కడు అందరి బదులు సిలువ మీద పోయిండనే గదా మందిరానికి పోతున్నం."

అక్క కాలు బిడ్డ వైపు చాపింది, మళ్ళీ కట్టమని.

నేనూ బూట్లు విప్పి సంచిలో పెట్టుకున్నాను. గుమ్మం దగ్గర కాపలా మనిషి మా పాదాల వైపు చూసి, లోపలికి దారి ఇచ్చాడు. లోపల రంగుటద్దాల వెలుగు స్తంభాల మీద ఎర్రగా, నీలంగా పడుతోంది. ఆ బండల చల్లదనం అరికాళ్ళ నుంచి మోకాళ్ళకు ఎక్కింది. అక్క మాత్రం చప్పుడు కాకుండా, పసిపిల్ల నిద్రపోతున్న ఇంట్లో నడిచినట్టు నడిచింది. బల్ల మీద కూర్చుని కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

ఇంటి దగ్గర అక్క ప్రార్థన మొదలుపెడితే వండిన అన్నం చల్లారిపోతుంది. వాడకట్టులోని అందరి పేర్లూ వస్తాయి. ఏడాదిగా దాచుకున్న కృతజ్ఞత, ఇక తొందరగా లేవదనుకుని నేనూ కళ్ళు మూసుకున్నాను. నా ప్రార్థన సగంలో ఉండగానే అక్క చెయ్యి నా భుజం మీద పడింది.

"అప్పుడే అయిందా?" అన్నాను.

"దేవునికి ఎరికే. లేవుండ్రి, బిడ్డ కాళ్ళు సల్లవడ్తున్నయ్."