పాట లేని నెల

అత్త పోయిందన్న కబురు నాకు నది అవతలి మాంగో నుంచి వచ్చే ఆటోలో తెలిసింది. ఫోన్లో నా కూతురు హిందీలోనే చెప్పింది, "మమ్మీ, అత్త నహీ రహీ" అని. ఆవిడ నాకూ అత్తే, దానికీ అత్తే. పర్సుడీహ్‌లో మా వీధి మొత్తానికీ అత్తే. ఆటో వంతెన మీద ఇరుక్కుపోయింది. దిగి నడిచిపోదామనిపించింది, నడిచి వెళ్లి చేసేదేమీ లేకపోయినా. ఇప్పటికీ అలాగే ఉంది, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

అత్త చీటీలు నడిపేది. వీధిలో ఆడవాళ్లం నెలనెలా తలాకొంత వేస్తాం. అవసరం ఉన్నవాళ్లు పాడతారు. ఎవరు ఎక్కువ వదులుకుంటామంటే ఆ నెల చీటీ వాళ్లది, వదులుకున్నది మిగతావాళ్లం పంచుకుంటాం. పాడి నాలుక్కరుచుకునేవాళ్లను అత్త వదిలేది కాదు. "నోట్లోంచొచ్చిన పాట, కడుపులోంచొచ్చిన బిడ్డ ఎనక్కెల్లవు" అనేది.

కొన్ని నెలల్లో మాత్రం చాప పరిచి, "ఈ నెల పాట నేదు" అనేది. అంటే వీధిలో ఎవరింట్లోనో డాక్టర్లు చేతులెత్తేసిన మనిషి ఉన్నారన్నమాట. చీటీ పైసా తగ్గకుండా ఆ ఇంటికే వెళ్లేది. తర్వాత వాళ్లూ అందరిలాగే నెలనెలా కట్టుకునేవారు.

ఇదంతా మావయ్య పోయాక మొదలైంది. అత్త భర్త ఆయన, కాంట్రాక్టు వెల్డరు. ఊపిరితిత్తులు పాడై ఇక లాభం లేదన్నాక, అత్త సర్కారు ఆరోగ్య కార్డు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. ఆపరేషన్‌కి అయితే కార్డు చెల్లుతుంది, ఇంట్లో నొప్పి తెలియకుండా చూసుకోవడానికి చెల్లదన్నారు. నొప్పి మందు, ఇంటికొచ్చే నర్సు, ఆక్సిజన్ సిలిండరు అద్దె, ఒంటికి పుళ్లు పడకుండా మోటారుతో నడిచే గాలిపరుపు, అన్నీ చేతి డబ్బుతోనే. "కోత్తే డబ్బులిత్తారంట, కొయ్యకుండా ఒగ్గీమంటే ఇవ్వరంట" అని అత్త చివరిదాకా అంటూనే ఉంది. నాకూ ఆ కోపం తగ్గలేదు. మావయ్య పరుపు మాత్రం ఆ తర్వాత వీధిలో చాలా ఇళ్లు తిరిగింది.

కిందటి వానాకాలం ఆ పరుపు అత్త దగ్గరికే తిరిగొచ్చింది. కడుపులో గడ్డ, ముదిరిపోయిందన్నారు. చీటీ రోజున అందరం ఆవిడ మంచం చుట్టూ కూర్చున్నాం. ఎవరూ పాడకూడదని ముందే అనుకున్నాం. అత్త దిండు ఆనుకుని లేచి కూర్చుంది. మూలింటి వదిన కూతురి నర్సింగు కాలేజీ ఫీజు ఆ నెలే కట్టాలని ఆవిడకి తెలుసు.

"ఏటలా సూత్తన్నారు? నానింకా సావనేదు. పాడండి."

వదిన తల దించుకుని చాప పుల్లలు గిల్లుతోంది. అత్త కాసేపు చూసి, వదిన పేరు మీద తనే వెయ్యి పాడేసింది. ఒకటోసారి, రెండోసారి అంటోంది. నాకేమైందో, అత్త పేరు మీద రెండువేలు పాడేశాను. నోట్లోంచొచ్చిన పాట వెనక్కి వెళ్లదని కూడా అన్నాను.

అత్త దిండు మీదికి ఒరిగింది. "నా పాటం నాకే ఒప్పసెప్తావేటే" అంది. మరి కాదనలేదు. ఆ డబ్బుతో నర్సు వచ్చింది, మందు వచ్చింది. కానీ మందు వేసినా అత్త నిద్రపోలేదు, ఫీజు మాటే పలవరించేది. కాలేజీవాళ్లు గడువిచ్చి, వదిన మరుసటి నెల చీటీ పాడుకున్నాకే కాస్త కునుకు పట్టింది. ఒక మనిషి నిమ్మళంగా పోవడానికి ఇంత రభస ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అత్త కట్టాల్సిన మిగతా నెలలు మేమే తలాకాస్త కలిపి కడుతున్నాం. నిన్న ఆవిడ లేని మొదటి చీటీ, మా వాకిట్లో కూర్చున్నాం. ఇప్పుడు గాలిపరుపు మా పక్కింట్లో ఉంది, రిటైరైన రైల్వే గేట్‌మ్యాన్ తాతకి. "ఈ నెల పాట నేదు" అన్న అత్త మాట ఎవరో ఒకరు అనాలి. అందరూ నా వైపే చూశారు. నేను చాప అంచు సర్దుతూ ఉండిపోయాను. డబ్బు అవసరం లేనివాళ్లు ఆ చాప మీద ఒక్కరూ లేరు, అయినా ఎవరూ పాడలేదు. గోడ అవతల మోటారు బుర్రుమంటూనే ఉంది.