గేర్లక్క పూచీ

వీధిలో అందరికీ ఆమె గేర్లక్క. ఎంత మొండికేసిన సైకిలు గేరైనా ఆమె చేతిలో దారికొస్తుంది. తన అక్క మొగుడి మీద, అంటే బావ మీద, పెంచుకున్న పగ మాత్రం దారికి రాలేదు. తెచ్చుకోవాలని ఆమె అనుకోనూ లేదు.

ఒకప్పుడు ఆమె బావ షాపులోనే పనిచేసేది. బావ గేరు వైరు సరిగా బిగించకుండా ఇచ్చిన సైకిలు మీద ఓ పెద్దాయన వాలులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. "అది మా మరదలి పని," అన్నాడు బావ నలుగురిలో, నదురూ బెదురూ లేకుండా. ఆమె ఆ షాపు వదిలి, వాలు పైన సొంతంగా పెట్టుకుంది.

ఇప్పుడు బావ బొటనవేలు విరిగి, అతుక్కుంది గానీ వంగడం లేదు. గేరు మార్చలేక, గత్యంతరం లేక మరదలి గుమ్మం ఎక్కాడు.

"ఇది నొక్కు బావా," అందామె.

వేలితో నొక్కే మీట అది. టిక్కుమని గేరు ఖచ్చితంగా పడుతుంది, వేలు పనిచేస్తే. బావ పళ్ళు బిగించి నొక్కాడు. మీట కదల్లేదు. రిపేరుకొచ్చి బల్ల మీద కూర్చున్నాయన తల తిప్పుకున్నాడు.

తర్వాత ఫ్రేముకి బిగించే పాతకాలపు మీట ఉన్న సైకిలు ఎక్కించింది. దానికి టిక్కు ఉండదు. గొలుసు గరగర ఆగేదాకా చెవితో విని సర్దుకోవాలి, హ్యాండిల్ మీద చెయ్యి తీసి మరీ. బావ చెయ్యి తీశాడు, తూలి గోడకానుకున్నాడు.

చివరికి హ్యాండిల్ పిడిని తిప్పితే మారే గేరు తీసింది. దానికి మణికట్టు చాలు.

"ముందే ఇదిస్తే సరిపోయేదిగా."

"సరిపోయేది. నాకు చూడాలనిపించింది."

దాన్ని బావ సైకిలుకి బిగించి, చక్రం గాల్లో తిప్పి అన్ని గేర్లూ సరిచూసింది.

"నా చేత్తో బిగించాను బావా. ఈసారి పడితే మా మరదలి పనే అని చెప్పుకో. అబద్ధం ఉండదు."

బావ వైరు వంక చూశాడు, వాలు వంక చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, స్క్రూని రెండుసార్లు తడిమాడు. సైకిలెక్కలేదు. వీధంతా చూస్తుండగా నడిపించుకుంటూ దిగాడు.

ఆమెకు కడుపు నిండింది.

"గేరు సరిగ్గానే పడిందా అక్కా?" అన్నాడు బల్ల మీదాయన.

"పడకేం. కళ్ళు మూసుకుని దిగిపోవచ్చు."

"మరి ఆ ముక్క చెప్పొచ్చుగా?"

"ఆ రోజు ఆయనా నిజం చెప్పొచ్చుగా," అని, చేతుల నూనె తుడుచుకుంది.