గడియారం మీది నాలుగు

మొన్న జనగామలో గోడ గడియారం కొందామని దుకాణానికి వెళ్లి, ఉత్త చేతులతో తిరిగొచ్చాను. దుకాణాయన ఓపికగా నాలుగైదు దింపి చూపించాడు. అన్నిటి మీదా రోమన్ అంకెలే. నాలుగు ఉండవలసిన చోట నాలుగు నిలువు గీతలు. వాటిని చూడగానే భయమేసి దుకాణం మెట్లు దిగేశాను. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన టీచరమ్మ అంకెను చూసి జడుసుకుందంటే నవ్వుతారు. నవ్వనీ.

మా మేనత్తది నర్మెట్ట. మామ భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన రోజు తోటివాళ్లు ఇలాంటి గడియారమే ఇచ్చారు. దాన్ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. అత్తకు అక్షరం ముక్క రాదు. ఎవరు దొరికితే వాళ్లకు పాఠం చెప్పే జబ్బు నాకుంది కదా, వేసవి సెలవుల్లో తొర్రూరు నుంచి వెళ్లి ఆమెను పట్టుకున్నాను. పది గుర్తుకు ముందు గీత ఉంటే ఒకటి తీసెయ్యాలి, అది తొమ్మిది. వెనక ఉంటే కలపాలి, అది పదకొండు. అత్తకు ఈ గీతల లెక్క తెగ నచ్చింది. కోడిని పొదగేస్తే చాలు, వంటింటి గోడ మీద బొగ్గుతో రోజుకో అంకె, పిల్లలు లేచే ఇరవయ్యొకటో రోజు XXI దాకా. తొమ్మిదికి ముందు గీత పెట్టినవాళ్లు నాలుగుకు నాలుగు గీతలెందుకు పెట్టారని ఒకసారి అడిగింది. గడియారం చేసినోళ్ల ఇష్టం అని తప్పించుకున్నాను. మిగతా చోట్ల నాలుగును ఐదుకు ముందు గీత పెట్టి IV అని రాస్తారని చెప్పనేలేదు.

మూడేళ్ల కిందట మామకు అన్నం సయించడం మానేసింది. వరంగల్ దవాఖానలో పరీక్షలన్నీ చేసి కాగితం చేతిలో పెట్టారు. క్యాన్సరన్న మాట దాచి, కడుపులో పుండు, మందులతో మానుతుందని అత్తకు చెప్పాలని ఇంట్లో అందరం అనుకున్నాం. ఆ మధ్యాహ్నం ఇంటికి రాగానే ఆమె చెయ్యి తుడుచుకుని కాగితం అడిగితే ధీమాగా ఇచ్చాను. ఇంగ్లీషు కదా. ఆమె వేలు వరసల వెంట మెల్లగా దిగి ఒక చోట ఆగింది.

“గిది మన గడియారం అంకె లెక్కనే ఉన్నది. ఎంత బిడ్డా?”

ఆరు, వార్డు నంబరు అన్నాను. ఆమె గోడ మీది గడియారం వైపు చూసింది.

“ఆరుకు గీత ఎన్కనుంటది. దీనికి ముందటున్నది. ముందటుంటే తీసెయ్యాలంటివి గద.”

ఐదు వేళ్లు చాపి ఒకటి ముడిచింది. పక్క గదిలో మామ మూలుగుతూ ఒత్తిగిల్లాడు. అత్త గొంతు తగ్గించింది.

“దవాఖానల మీరు స్టేజి స్టేజి అనుకుంటుంటే ఇన్న. నాలుగైనంక ఇంకెన్ని ఉంటయి?”

“లేవత్తమ్మా” అన్నాను. పాఠం చెప్పినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె ఏడవలేదు. కాగితం మడిచి నా చేతికిచ్చి, గోడ మీద XVII పక్కన ఒక గీత చేర్చింది; పొదుగులో ఉన్న కోడికి అది పద్దెనిమిదో రోజు. కోడిపిల్లలు లేచిన రోజు ఒకదాన్ని తెచ్చి మామ అరచేతిలో పెట్టింది. ఆ తర్వాత అంకెలన్నీ తడిగుడ్డతో తుడిచేసింది. మామ ఉన్నన్నాళ్లూ మళ్లీ కోడిని పొదగెయ్యలేదు, గోడ మీద ఒక్క గీతా గియ్యలేదు. గడిచిన ప్రతి రోజునూ మనం కూడుకుంటున్నామనే అనుకుంటాం. కాలం ముందున్న గీతలా నిలబడి ఒక్కొక్కటే తీసేస్తుందని నాకంటే ముందు తెలుసుకున్నది మా అత్తే.