తెల్లబడ్డ జంపఖానాలు

“ఆ షాపాయన సాఫ్ట్‌వేర్ పెన్ డ్రైవ్‌ల ఏసిచ్చిండు గదనే! రూపాయి ఖర్చు లేదు. అదెక్కియ్యక ఏందే నీ సతాయింపు?”

“గది దొంగ కాపీ బాపమ్మా. పోయినసారి గూడ గసొంటిదే ఎక్కిచ్చిండు. గందుకే గిప్పుడు ఆగింది. మళ్ల గదే ఎక్కియ్యమంటవా?”

“ఇన్నొద్దులు మంచిగనే నడిచింది గద.”

“నడిచింది. లోపల ఏమేం మోసుకొచ్చిందో ఎవరికెరుక? నీ డిజైన్లన్నీ ఈ కంప్యూటర్లనే ఉన్నయి. వైరస్ తగిలి తాళం పడితే నువ్వు తీస్తవా?”

“నెలనెలా కిరాయి కట్టే సాఫ్ట్‌వేర్ నా ఇంట్ల నడవది. ముందే చెప్తాన.”

“కిరాయి ఎవరు కట్టుమన్నరు? ఊరికే వచ్చేటిది ఉన్నది. చేసినోళ్ల సొంత సైటుకు పోయి దించుకుందాం అంటాన.”

“ఊరికే ఎవడిస్తడే ఈ కాలంల?”

ఆ మధ్యాహ్నం కొత్తవాడలో ముసురు పట్టింది. డిగ్రీ చదివే నా మనవరాలు కంప్యూటర్ ముందు కూర్చుంది. నేను దాని వెనక పీట వేసుకుని కూర్చున్నాను. ఆ యంత్రాన్ని పాతదే కొన్నాం. ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ అందులో షాపాయనే వేసిచ్చాడు. ఆ రోజు తెర పైన ఎర్ర పట్టీ ఒకటి వచ్చి కూర్చుంది. అది పేజీ చూడనిస్తుంది గానీ ఒక్క గడి కూడా మార్చనివ్వదు.

అది నాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మాది జంపఖానాలు నేసిన ఇల్లు. మా ఆయన మగ్గం మీద కూర్చుంటే నేను పక్కన కండెలు చుడుతూ పోగుల లెక్క పలికేదాన్ని. ఎరుపు ఇన్ని, చిలకపచ్చ ఇన్ని, మళ్లీ తెలుపు ఇన్ని. డిజైన్ అంటే మాకు కాగితం కాదు, నోటి మాట. ఆయన పోయారు, నా కళ్లకు శుక్లాలు వచ్చాయి, లెక్కలు మాత్రం నా లోపల మిగిలాయి. ఈ వానాకాలమంతా నేను పలుకుతుంటే, మనవరాలు లెక్కలు వేసుకునే గళ్ల పేజీలో ఒక్కో గడికీ రంగు నింపుతూ వచ్చింది. గడికి గడి, పోగుకు పోగు. దూరం నుంచి చూస్తే తెర మీద జంపఖానా పరిచినట్టే ఉండేది. కొన్నిసార్లు దాని మీద పడుకోవాలనిపించేది నాకు.

రెండో తరగతి దాటని నాకు కంప్యూటర్ సంగతి ఏం తెలుస్తుంది? కానీ ఖర్చు సంగతి తెలుసు. ఊరికే ఇస్తారంటే నమ్మను. “లోకంల శానా మంది కలిసి చేసిన్రు బాపమ్మా, ఎవరన్నా వాడుకోవచ్చని ఇడిచిపెట్టిన్రు” అంది మనవరాలు. కూలి లేకుండా, ముఖాలు తెలియని వాళ్లంతా ఒకే మగ్గం మీద తలా కాస్త నేసి పోతున్నట్టు అనిపించింది. ఆ మగ్గం ఏ దేశంలో ఉందో, అక్కడ కూడా ఇలాగే ముసురు పట్టిందో ఏమో అనుకున్నాను.

సరే కానివ్వమన్నాను. అయితే ఒక షరతు పెట్టాను. “పాతది తియ్యకు. దాని కొసకే కొత్తది అతుకు.”

మా పని అంతే. మగ్గం మీది నిలువు పోగులు, అంటే పడుగు, అయిపోవచ్చినప్పుడు పాత పోగులను మగ్గంలోంచి పూర్తిగా లాగేయం. వాటి కొసలకే కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతాం. మొత్తం లాగేస్తే మగ్గం ఖాళీ అయిపోతుంది, మళ్లీ మొదటి నుంచి పోగు పోగూ ఎక్కించుకోవాలి.

“ఇది మగ్గం గాదు బాపమ్మా! ఆ దొంగది లోపలున్నంత సేపు భయమే. ముందుగాల దాన్ని తీసెయ్యాలె” అని మనవరాలు నొక్కేసింది. ఆగమంటూ నేను దాని చెయ్యి పట్టుకునే లోపే పని అయిపోయింది.

తెర మీద వరసగా ఉన్న మా డిజైన్ కాగితాల బొమ్మలకు చిన్న చిన్న ఆకుపచ్చ గుర్తులుండేవి. నా కళ్ల ముందే అవన్నీ వరసగా తెల్లబడ్డాయి. బ్లీచింగ్ నీళ్లలో ముంచి తీసిన నూలులా అయ్యాయి. మనవరాలు ఒకదాని మీద నొక్కింది. దీన్ని దేంతో తెరవాలో చెప్పమని యంత్రం దాన్నే అడిగింది.

“పోయినయి” అన్నాను.

“ఏడికీ పోలే. తెరిచేటిది లేదు, గంతే.”

“మరి ఆ తెరిచేటిది జల్ది తే.”

మనవరాలు కొత్తది వెతకడం మొదలుపెట్టింది. ఒకే పేరుతో ఎన్నో వచ్చాయి. ఒక చోట తలుపంత పచ్చ బొత్తం కనబడింది. “అదిగో, కొట్టొచ్చినట్టు కనబడతాంది, నొక్కు” అన్నాను. “గది అడ్వర్టైజ్‌మెంట్. నొక్కినవంటే లేనిపోనివి ఎక్కుతయి” అని, పైన ఉన్న అడ్రసును వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకుంది. చేసినవాళ్ల సొంత చోటు అదేనని తేలాకే దించడం మొదలుపెట్టింది. నీలం గీత ఒకటి నత్త నడిచినట్టు జరుగుతోంది. బయట వాన హోరెక్కింది. గీత ఆగింది. నెట్ పోయింది.

“సగం దిగింది గద, గదే ఎక్కియ్యి.”

“సగంది ఎక్కియ్యొద్దు. నెట్ వచ్చినంక మంచిగ దించుదాం” అని, ఆ సగాన్నీ తీసిపారేసింది.

పొద్దుగూకే వేళకు పక్క వాకిట్లో నేసే మరిది గొడుగు పట్టుకుని వచ్చాడు. వరసకు మరిది. మనవరాలు గీసిన మొదటి జంపఖానా ఆయనే నేస్తానన్నాడు. దానికి ఒక్క అంచు నింపడమే మిగిలింది.

“వదినె, పడుగెక్కిచ్చి కూసున్న. కాయితం ఏది? కంప్యూటర్‌కు జరమొచ్చిందా?”

“వచ్చింది. దవాఖానకు నువ్వు తోల్కపోతవా?”

“నాకెందుకమ్మా, నోటితోని చెప్పు, నేసుకుంట. మా అన్నకు చెప్పలేదా?”

నిజమే కదా అనుకుని కళ్లు మూసుకుని పలకడం మొదలుపెట్టాను. ఎరుపు, తెలుపు, మళ్లీ ఎరుపు. చిలకపచ్చ దాకా వచ్చాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. రంగులు వచ్చాయి కానీ లెక్క రాలేదు. పసుపు, నీలం, వక్క రంగు నీళ్ల మీద నూలులాగా తేలుతూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పట్టుకోబోతే విడిపోతున్నాయి. గళ్లలో పెట్టాం కదా అని నా తల ఆ బరువును ఎప్పుడో దించేసుకున్నట్టుంది. మరిది నా ముఖం చూశాడు. ఎగతాళి మానేసి, “రేపు చూద్దాం తీ వదినె” అని వెళ్లిపోయాడు.

తెర మీద ఆ తెల్ల కాగితాలు అలాగే ఉన్నాయి. మనవరాలు అన్నం పెట్టుకుంది గానీ తినలేదు. నేను కసిరితే రెండు ముద్దలు మింగింది. ఆ రాత్రి నిద్రలో నాకు కొత్తవాడ గల్లీలన్నిట్లో తెల్ల జంపఖానాలు ఆరేసి కనిపించాయి. వాటి కింద నుంచి నడిచి పోతున్నాను, పోతున్నాను, ఎక్కడా ఒక్క రంగు పోగు లేదు. భయం కూడా వేయలేదు. ఎవరో లెక్క పలుకుతున్నారు, ఆ గొంతు ఆయనదో నాదో తెలియలేదు.

తెల్లవారి వాన వెలిసింది, నెట్ వచ్చింది. మనవరాలు మళ్లీ అదే అడ్రసుకు పోయి పూర్తిగా దించింది. వైరస్ ఉందేమో చూసేదానితో దాన్ని వెతికించి, ఏమీ లేదని తేలాక ఎక్కించింది. తెల్ల కాగితాల మీద మళ్లీ గుర్తులు వచ్చాయి. మొదటిది తెరిస్తే గళ్లు కొంచెం సాగి ఉన్నాయి, రంగులు మాత్రం ఉన్నాయి. చిలకపచ్చ తర్వాత పన్నెండు వక్క రంగు. అది చూడగానే మిగతా లెక్క నా నోటికి వచ్చేసింది. గళ్లు సరిచేసి, మిగిలిన అంచు నేను పలుకుతుంటే నింపింది. అన్ని పేజీలనూ ఒక కొత్త పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి నా చేతిలో పెట్టింది. తర్వాత అచ్చు తీయించి మరిదికి ఇచ్చి వచ్చింది. ఎండెక్కే లోపే ఆయన నేయడం మొదలుపెట్టాడు.