గలీబు తొడిగిన కంప్యూటర్లు

పుప్పాలగూడలో మా ఎదురింటి టీచరమ్మ మొన్న ఆదివారం ఉదయం కన్నుమూశారు. పాల ప్యాకెట్ల కోసం తలుపు తీస్తే, వాళ్ల గుమ్మం ముందు చెప్పులు కుప్పగా కనిపించాయి. ఇక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆవిడ బాచుపల్లిలో ఓ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. కానీ మా అపార్ట్‌మెంట్ వాళ్లు రిటైర్ కానిస్తేగా! కొత్త డెస్క్‌టాప్ కొనాలంటే అందరూ ముందు ఆవిడ తలుపే తట్టేవారు. ఏ ప్రాసెసర్ మంచిదని అడిగితే మాత్రం జవాబు దొరికేది కాదు. "నీ పని ఏందో జర చేసి చూపెట్టు" అని కుర్చీ చూపించేవారు.

హాల్లో రెండు కంప్యూటర్లుండేవి. ఒకదాంట్లో ఒక కంపెనీ ప్రాసెసర్, రెండోదాంట్లో దాని పోటీ కంపెనీది. ఏది ఎవరిదో తెలియకుండా డబ్బాలకు దిండు గలీబులు తొడిగేవారు, వెనక గాలాడేలా కత్తిరించి మరీ. ఒకటి పూలది, ఒకటి గీతలది. "పేరు చూస్తే మనసు ఆడికే గుంజుతది బిడ్డా" అనేవారు.

నేను ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న రోజులవి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి నా కాళ్ల మీద నేను నిలబడదామనుకున్నాను. మా అపార్ట్‌మెంట్‌లోనే జరిగిన ఒక పెళ్లి మొదటి పనిగా దొరికింది. కొనగలిగేది ఒక్క కంప్యూటరే. అది మొరాయిస్తే ఆదిలోనే నా పేరు పోతుంది. మా ఆయన ఓటేమో ఒక కంపెనీ ప్రాసెసర్‌కి, మా మరిది ఓటు దాని పోటీ కంపెనీకి, అన్నం దగ్గర కూడా అదే గొడవ. ముగ్గురం వెళ్తే టీచరమ్మ ఒకటే నవ్వు.

"పిల్లను చూడకుండనే జాతకాలు కలుపుతున్నరేంది మీరు?"

ముందు మా మరిది రెండింటి మీదా ఆట ఆడి, పూల గలీబుదే బంగారమని మురిసిపోయాడు. తర్వాత నేను కూర్చున్నాను. అదే పూల గలీబు దాంట్లో పెళ్లి కెమెరా వీడియో కాస్త ముందుకు జరిపితే చాలు, బొమ్మ ఆగి ఆగి వచ్చింది. గీతల దాంట్లో సాఫీగా సాగింది.

"అయితే ఇదే గొప్పదాండీ?"

"గొప్పదని ఎవరన్నరు? నీ పనికి గిది, ఆటలాడేటోనికి గది. ఊరేగింపుకు గుర్రం గావాలె, దుక్కికి ఎద్దు గావాలె. అండ్ల ఏది తక్కువ?"

గలీబులు తీసినప్పుడు చూడాలి మా వాళ్ల ముఖాలు! మా మరిది మెచ్చినది మా ఆయన కంపెనీది, నాకు కుదిరింది మా మరిది కంపెనీది. ఆ రాత్రి అన్నం దగ్గర గొడవ కూరలో ఉప్పు గురించి మాత్రమే జరిగింది.

ఇప్పుడు నిజాంపేట నుంచి కూడా నాకు పెళ్లిళ్ల పని వస్తోంది. నా ధైర్యంలో సగం ఆవిడ పెట్టిన భిక్షే.

పదో రోజున అందరికీ చూపించడానికి అమ్మ వీడియో ఏదైనా ఉందా అని వాళ్లమ్మాయి అడిగింది. ఆ మొదటి పెళ్లిది తెరిచాను. టీచరమ్మ అక్షింతలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. కెమెరా తన వైపు తిరగగానే "నన్నెందుకు తీస్తవయ్యా, పిల్లను తియ్యి" అని చెయ్యి ఊపుతూ నవ్వారు. ముందుకూ వెనక్కూ ఎన్నిసార్లు జరిపినా బొమ్మ ఎక్కడా ఆగలేదు. ఎక్కడ కత్తిరించాలో నాకే తెలియలేదు. ఆవిడ నవ్వుతూ అక్షింతలు వేస్తూనే ఉన్నారు.