నిలువెత్తు బంగారం, మూడో గాటు

ఆ రోజుల్లో బండి కొన్నవాళ్లు దాంతోపాటు వచ్చిన చిన్న పుస్తకానికి కూడా పసుపు కుంకుమ పెట్టి బీరువాలో దాచుకునేవాళ్లు. చదవడం మాత్రం ఎవరికీ అలవాటు లేదు. కిక్కు కొడితే బండి స్టార్టవుతున్నప్పుడు పుస్తకంతో పనేముందని వాళ్ల ఉద్దేశం. అలాంటి పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి రాయ్‌పూర్ మొత్తానికి నేనొక్కణ్ణేనని ఇప్పటికీ నా నమ్మకం. ఆ బండి నాది కూడా కాదు (నాకున్నది సైకిలు), మా సారుది. ఆ చదువే నా ఉద్యోగానికి ఎసరు పెట్టింది.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ధర్సీవా దారిలో ఒక ఇనుము మిల్లు ఉండేది. అక్కడ తుక్కు లారీలను తూచే ధర్మకాంటా దగ్గర కూర్చుని బరువులు రాయడం నా పని. ఆరు నెలల ప్రొబేషన్ ఇంకో వారంలో అయిపోతుంది. పర్మనెంట్ కావాలంటే కాగితం మీద నా పైఅధికారైన ఈ సారు సంతకం పడాలి. సారుది వరంగల్ వైపు, మాది కరీంనగర్ వైపు. హిందీ, ఛత్తీస్‌గఢీల మధ్య మన భాష వినపడితే చాలు, చుట్టరికం కలిపేసుకునే ఊరది. దాంతో సారు భార్యను చిన్నమ్మా అని పిలిచేవాణ్ణి. (మరి ఆయన చిన్నాయన కావాలి కదా అని అడక్కండి. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి చిన్నాయనలు ఉండరు, సార్లే ఉంటారు.)

సారు అప్పుడే కొత్తగా వచ్చిన వంద సీసీ బండి కొన్నాడు. నెల తిరక్కుండా నడుం పట్టుకుంది. గుఢియారీలో బండ్లు బాగుచేసే మిస్త్రీని అడిగితే అతను బండి వైపు కూడా చూడకుండా, "దో సవారీ హై తో పాంచ్ పే రఖో, సాబ్" అన్నాడట, అంటే ఇద్దరెక్కే బండైతే ఐదు మీద పెట్టుకోమని. వెనక చక్రానికి అటూ ఇటూ ఉండే షాకబ్జార్ల స్ప్రింగుల కింద ఐదు గాట్లుంటాయి. ఒకటో గాటు మెత్తన, ఐదో గాటు గట్టి. ఆ సంగతి పుస్తకంలో చదివిన నాకు మిస్త్రీ మాట వినగానే ఒళ్లు మండింది. ఎక్కేవాడి బరువునూ, నడిపే తీరునూ బట్టి స్ప్రింగును బిగించుకోవాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. అందరికీ ఐదే అనడం అందరికీ ఒకే నంబరు చెప్పులు కుట్టినట్టుందని సారుతో వాదించాను. ఆయన సరే, నువ్వే చెయ్యమన్నాడు. చేస్తే సంతకం పడుతుందని ఆయన అనలేదు. ఆ మాట నాకు నేనే అనుకున్నాను.

ఒక నోట్‌బుక్కు కొన్నాను. మొదటి పేజీలో సారు బరువు. పుస్తకంలో సామానుతో సహా తూచాలని ఉంది కాబట్టి టిఫిను క్యారియరు, గొడుగు పట్టించి, సఫారీ సూటుతో సహా తుక్కు తూచే చిన్న కాంటా మీద నిలబెట్టాను. తొంభై రెండు కిలోలు. కూలీలు పని ఆపి చూస్తున్నారు. సారు కాంటా దిగి, ఇది సైన్సు అని వాళ్లకు హిందీలో చెప్పాడు. రెండో పేజీలో నడిపే తీరు. దానికి మూడు రోజులు సైకిలు మీద ఆయన వెనకాలే తిరిగాను. గుఢియారీ బజారులో బండి కంటే సైకిలే ముందు పోతుంది కాబట్టి కష్టమేమీ కాలేదు. గేదె కనిపిస్తే హారన్ కొడతాడు, ఆవు కనిపిస్తే బ్రేకు వేస్తాడు, గుంత కనిపిస్తే కళ్లు మూసుకుంటాడు. అన్నీ రాసుకున్నాను. మూడో రోజు మాత్రం మాటిమాటికీ వెనక్కి చూస్తూ సందుల్లోకి తిప్పి పారిపోయినట్టు నడిపాడు. అది కూడా ఆయన సహజమైన తీరేననుకుని 'భయస్తుడు' అని రాశాను. తనను ఎవరో వెంబడిస్తున్నారని ఆయన రెండు రాత్రులు నిద్రపోలేదని తర్వాత చిన్నమ్మ చెప్పింది.

ఇక మిగిలింది వెనక కూర్చునే మనిషి బరువు. ఆదివారం ధర్సీవాలో మిల్లు సేఠ్ కొత్తింటి గృహప్రవేశం. చిన్నమ్మ చేసే పెరుగు గారెలు సేఠ్‌కు ప్రాణం. ఇద్దరూ బండి మీద, ఆవిడ ఒళ్లో గారెల డబ్బాతో వెళ్లాలి. చిన్నమ్మ బరువెంతని అడిగితే సారు గొంతు తగ్గించాడు. పెళ్లయి పదిహేనేళ్లయినా ఆ ప్రశ్న తనకే అడిగే ధైర్యం రాలేదన్నాడు. అంతలో ఏదో గుర్తొచ్చి మొహం వెలిగింది. మొన్నటి జాతరలో ఆవిడ సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం సమర్పించింది. బంగారమంటే మన వైపు బెల్లం, మొక్కుకున్న మనిషి ఎంత తూగితే అంత బెల్లం. ఆ బెల్లం బుట్టలు మోసింది సారే. యాభై ఎనిమిది కిలోలు.

నాకు లంకెబిందెలు దొరికినట్టయింది. తల్లుల ముందు పెట్టిన లెక్కకు తిరుగేముంది? కాంటాకైనా ముల్లు అటూ ఇటూ ఊగుతుంది గానీ ఆ లెక్కకు ఊగడం ఉండదు. తొంభై రెండుకు యాభై ఎనిమిది కలిపి, గారెల డబ్బా వేసి, భయస్తుడని కొంత తగ్గించి, మూడో గాటు అని తేల్చాను. దేవేంద్ర నగర్‌లో వాళ్ల ఇంటి ముందు కూర్చుని నా చేతులతో నేనే తిప్పాను.

ఆదివారం మధ్యాహ్నం కబురొచ్చింది. వెళ్లేసరికి తీగ మీద సఫారీ సూటు నీళ్లు కారుతోంది. సారు బనీను మీద కుర్చీలో కూర్చున్నాడు. గుఢియారీ ఫాటక్ దగ్గర పట్టాలు దాటుతుంటే బండి వెనక భాగం అడుగంటేలా కూలబడి, మళ్లీ పైకి లేచిందట. డబ్బా మూత ఊడి, గారెలు పెరుగుతో సహా సారు వీపు మీదికి వచ్చాయట. గృహప్రవేశానికి వెళ్లకుండానే తిరిగొచ్చారు. అంత జరిగినా చిన్నమ్మ డబ్బా అడుగున మిగిలిన రెండు గారెలు ప్లేటులో పెట్టి నా చేతికిచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మూడే సంగతులు," అన్నాడు సారు. "స్ప్రింగన్న ఖరాబుండాలె, నీ లెక్కన్న తప్పుండాలె, లేకుంటే తల్లులకిచ్చిన లెక్కన్న తప్పుండాలె. స్ప్రింగు కొత్తది. ఇగ నువ్వే చెప్పు."

నా లెక్క సరైనదంటే చిన్నమ్మ తల్లులనే మోసం చేసిన మనిషవుతుంది. తప్పంటే, బరువులు రాయడమే పనిగా ఉన్నవాడికి బరువు రాయడం రాదని ఒప్పుకున్నట్టు. అక్కడ నేను పెద్ద మనసు చూపించానని చెప్పుకోవాలని ఉంది గానీ, నిజానికి ఆ గారెల ప్లేటు చేతిలో ఉండగా నోరు వేరే మాటకు తిరగలేదు. లెక్క నాదే తప్పింది సార్ అన్నాను.

"బరువు తప్పు రాసేటోన్ని కాంటా మీద ఎట్ల కూసోబెడత? రేపటి సంది రాకు."

ఇంట్లో నాన్నకు ఏం చెప్పాలా అని అప్పుడే మాటలు వెతుక్కుంటున్నాను. చిన్నమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"పిలగాని లెక్క మంచిగనే ఉంది. నేను మొక్కుకున్నది పెద్దోడు పుట్టినప్పుడు. అప్పుడు యాభై ఎనిమిదే ఉన్న. తీర్చేటాల్లకు పన్నెండేండ్లు పట్టింది. మొక్కిననాటి బరువే మొక్కు, ఆ సంగతి తల్లులకు తెల్సు." నేల చూపులు చూస్తూ అంది. "ఇప్పుడు డెబ్బై తొమ్మిది."

సారు లేచి, టూల్ కిట్లోంచి స్పానరు తీసి, బయటికి నడిచి తనే ఐదో గాటుకు తిప్పుకున్నాడు. మిస్త్రీ పేరు ఇద్దరం ఎత్తలేదు. సోమవారం నా కాగితం మీద సంతకం పడింది.

అరవై దాటిన ఈ వయసులో కూడా ఆ మధ్యాహ్నం తలుచుకుంటూనే ఉంటాను. కట్టుకున్నవాడికే చెప్పని అంకెను, ఎవరి కొడుకో అయిన నా ఉద్యోగం కోసం ఆవిడ బయటపెట్టింది. నా బతుకులో నాకు అంతటి సాయం చేసినవాళ్లు తక్కువ. కాళ్లకు దండం పెట్టాల్సిన ఆ క్షణంలో ఇరవై రెండేళ్ల ఆ మహామేధావి ఏం చేశాడో తెలుసా? జేబులోంచి నోట్‌బుక్కు తీసి, యాభై ఎనిమిది కొట్టేసి, ఆవిడ ఎదురుగానే డెబ్బై తొమ్మిది రాసుకుని, తలెత్తి, "చీరతో కలిపేనా, చిన్నమ్మా?" అని అడిగాడు.

ఆవిడ నవ్వింది కాబట్టి బతికిపోయాడు.