అంజూరపు చెట్టుకు ఇంకో ఏడాది

ఆ అమ్మాయి రాకముందు లింగంపల్లిలోని మా చర్చి స్త్రీల కూడికలో శుక్రవారం వాక్యం చెప్పేది నేనొక్కదాన్నే. పాస్టరమ్మగారికి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఆ పని నాకప్పజెప్పారు. మా ఆయన ఐటీ కంపెనీలకు క్యాబు నడిపేవాడు, నేను ఇంట్లో మిషను కుట్టేదాన్ని. వారమంతా జాకెట్లు కుట్టే నన్ను ఆ ఒక్క సాయంత్రం అందరూ టీచరక్కా అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు కోసమే మిగతా వారమంతా గడిపేదాన్నంటే అబద్ధం కాదు.

వినడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది హైటెక్ సిటీ ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసే పాలమూరు ఆడవాళ్లు. డ్యూటీ దిగి నేరుగా వచ్చి చాప మీద కూలబడేవాళ్లు. ఎవరైనా కునికితే నేను ఊరుకునేదాన్ని కాదు. నాకిష్టమైన పాఠం అంజూరపు చెట్టు. ద్రాక్షతోట యజమాని మూడేళ్లుగా వచ్చి చూస్తున్నా ఒక్క పండు దొరకదు, చెట్టును నరికెయ్యమని తోటమాలికి చెబుతాడు. ఆ గొడ్డలి దగ్గర గొంతు పెంచేదాన్ని. "మీ బతుకుల ఫలమేది? ఉట్టి ఆకులేనా?" అని గద్దిస్తే నిద్రపోయేవాళ్లు ఉలిక్కిపడి లేచేవాళ్లు. వాక్యమంటే అట్లా తగలాలని నా లెక్క.

ఆ అమ్మాయిది గుంటూరు. ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేది, చందానగర్‌లో కిరాయికి ఉండేది. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఓ శుక్రవారం బంద్. బస్సులు లేవు, ఆటోలు లేవు. అయినా చందానగర్ నుంచి నడిచి వచ్చింది. నా ఖర్మకొద్దీ ఆ రోజే నాకు గొంతు పోయింది. పాస్టరమ్మగారు ఆమె వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా" అన్నారు. ఆమె బైబిలు తెరిచి అంజూరపు చెట్టే తీసింది. నా చెట్టు!

గొడ్డలి ఊసే ఎత్తలేదు. మాట్లాడిందంతా తోటమాలి గురించే. "ఈ ఒక్క ఏడాది ఉండనివ్వండయ్యా, చుట్టూ తవ్వి ఎరువేస్తానన్నాడు. కాసే చెట్టుకి కాదండి, కాయని దానికే వేస్తానన్నాడు. కృపంటే అదేనండి" అంది. నా వాక్యానికి గురక పెట్టే మనిషి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

రాని గొంతుతోనే అడిగాను. "అప్పటికి గూడ కాయకుంటే నరికించమని గదా అన్నడు?"

"అన్నాడక్కా. కానీ ఆ మరుసటి ఏడు ఏం జరిగిందో ప్రభువు చెప్పలేదు. తోటమాలి మళ్లీ వెళ్లి అడిగే ఉంటాడని నాకనిపిస్తుందండి."

ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే నవ్వాడు. "కొలువులు ఆంధ్రోళ్లకే, గిప్పుడు వాక్యం గూడ వాళ్లకేనా?" అన్నాడు. ఆయన వేళాకోళానికే అన్నాడు, నేను మాత్రం ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. కుళ్లుకుంటున్నానని చెప్పుకోవడం కంటే ఉద్యమంలో ఉన్నానని చెప్పుకోవడం బాగుంటుంది కదా.

ఆ తర్వాత నుంచి ఆమె గురువారం గురువారం ఆఫీసు అయ్యాక మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చునేది. రేపేం చెబుతున్నారక్కా, అది చెప్పేటప్పుడు మీకేమనిపిస్తుందక్కా, మీకెవరైనా అట్లా ఎరువేశారా అక్కా అంటూ ఒకటే తవ్వడం. నా పాయింట్లు కాజెయ్యడానికే వస్తోందని నాకు గట్టి అనుమానం. అయినా అడిగితే చెప్పకుండా ఉండలేను. చిన్నప్పుడు మా మేనత్త నన్ను బడి మాన్పించకుండా అడ్డం పడ్డ సంగతి ఆమెకు చెప్పాను, ఆ శుక్రవారం చాప మీద కూర్చున్నవాళ్లకూ చెప్పాను. ఆ రోజు ఎవరూ కునకలేదు. అది నా ప్రతిభే అనుకున్నాను.

కోత పండుగకు చర్చి సర్దుతూ, అరటి గెల కడుతున్న పాస్టరమ్మగారు నోరు జారారు.

"ఎంత మారినవే నువ్వు. ఆ బంద్ మరునాడు మన ఆడోళ్లంత వచ్చి నిన్ను తీసెయ్యమన్నరు. పొద్దంతా ఆఫీసుల మాటలు పడి వస్తం, ఈడ గూడ తిట్లేనా అన్నరు. ఆ పిల్లనే చెప్పమన్నరు. నేను సరే అందామనుకున్న."

"మరి?"

"ఆ పిల్లే ఒప్పుకోలే. ఈ ఒక్క ఏడాది అక్కనే ఉండనియ్యండి, నేను పక్కన కూసుంట అన్నది."

చేతిలో మామిడాకుల తోరణం అట్లాగే ఉండిపోయింది. ఇన్నేళ్లూ ఆ కథలో నేను యజమాని పక్కన నిలబడి మాట్లాడాను. నరకమన్న చెట్టు నేనేనని, నా కోసం అడిగింది ఆమేనని ఒక్కసారే తెలిసింది. కృతజ్ఞత వస్తుందనుకుంటారేమో. రాలేదు. ఈ మంచితనం కూడా ఆమెకే దక్కిందా అని ఇంకాస్త మండింది.

గురువారం ఎప్పటిలాగే వచ్చింది. స్టూలు లాక్కుంది. రేపేం చెబుతున్నారక్కా అంది. నేను మిషను ఆపి ఆమె మొహంలోకి చూశాను.

"ఏందమ్మా, నాకు ఏడాది టైం ఇప్పించినవట?"

ఆమె తల దించుకుంది. "ఎవరు చెప్పారండీ?"

"ఒక్క ఏడాదే ఎందుకడిగినవ్?" అన్నాను. "నా సంగతి తెలుసు గదా నీకు. జర ఎక్కువ అడగాల్సింది."